ఇంటి దగ్గరే సైలెన్సర్ మార్చుకోండి, వీధి నిద్ర చెడగొట్టకుండా

కాకినాడలో బండి సైలెన్సర్ పోయిందంటే అందరూ సముద్రపు గాలినే తిడతారు. నిజానికి బయటి తుప్పు కన్నా లోపలి తుప్పే ముందు తినేస్తుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. బండి దూరం వెళ్తే సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ ఆవిరి బయటికి పోతుంది. భానుగుడి దాకా వెళ్లి కూరగాయలు తెచ్చుకుని ఆపేస్తే పోదు. చల్లబడి అడుగున నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి రేకును లోపలి నుంచి కొరుకుతుంది. నా 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి చిల్లు పడింది సరిగ్గా అడుగునే. ప్యాచ్ వెల్డింగ్ చేయించవచ్చు గానీ, చుట్టూ ఉన్న రేకు కూడా అప్పటికే పల్చబడి ఉంటుంది, ప్యాచ్ పక్కనే ఇంకో చిల్లు వస్తుంది. లేత్ మీద పని చేసేవాణ్ని కాబట్టి వేలితో నొక్కితే రేకు సంగతి తెలుస్తుంది. అందుకే మొత్తం మార్చేశాను, ఇంటి వరండాలోనే.

ముందు ఏది కొనాలో చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో సగం మంచిచెడ్డలు షాపులోనే తేలిపోతాయి. బుల్లెట్ సామాను అమ్మే షాపుకి వెళ్తే షార్ట్ బాటిల్, డాల్ఫిన్, ఇండోరి అంటూ రకరకాల సైలెన్సర్లు వరసగా చూపిస్తారు. పేరు, ఆకారం తర్వాత చూడొచ్చు. చేత్తో పట్టుకుని వెనక నుంచి టార్చి వేసి చూడండి. వెలుగు సూటిగా అవతలికి కనిపిస్తే, మధ్యలో చిల్లుల గొట్టం గానీ దాని చుట్టూ శబ్దాన్ని పీల్చే గ్లాస్ వూల్ గానీ లేకపోతే, అది సైలెన్సర్ కాదు, ఉత్త గొట్టం. దాన్ని అక్కడే పెట్టేయండి. గ్లాస్ వూల్ ఉన్నదైనా, చివర బఫుల్, అంటే శబ్దాన్ని అణిచే లోపలి ముక్క, బోల్టుతో గట్టిగా బిగించి ఉండాలి. కొందరు షాపువాళ్లు "బఫుల్ తీసేసుకోవచ్చు సార్" అని అదో సౌకర్యంలా చెబుతారు. తీయడానికి వీలుండటం వల్ల ఉపయోగం ఒక్కటే, గ్లాస్ వూల్ కాలిపోయినప్పుడు మళ్లీ చుట్టుకోవచ్చు. తీసేసి తిరగడానికి కాదు.

శబ్దం విషయంలో నేను కాస్త పట్టుదలగా ఉంటాను. మా వీధిలో నైట్ డ్యూటీ చేసొచ్చి పొద్దున పడుకునేవాళ్లున్నారు, పాలు తాగే పిల్లలున్నారు. వాళ్ల సంగతి పక్కన పెట్టినా చట్టం ఊరుకోదు. మన దేశంలో 175 సీసీ దాటిన బండ్లకు తయారీ పరీక్షలో శబ్దం 80 డెసిబెల్స్ మించకూడదు. మోటారు వాహనాల చట్టంలో 190(2) సెక్షన్ కింద శబ్ద కాలుష్యానికి 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చినందుకు వేరే సెక్షను ఉంది. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ పోలీసులు పట్టుకున్న సైలెన్సర్ల మీద రోడ్ రోలర్ ఎక్కించారు. పవర్ పెరుగుతుందని ఆశపడేవాళ్లకు ఒక మాట. ఈ 346 సీసీ ఇంజిన్ ఇచ్చేదే 20 హార్స్‌పవర్ లోపు. ఉత్త గొట్టం పెట్టినంత మాత్రాన అది పరుగెత్తదు, కార్బురేటర్ లెక్క తప్పి గాలి ఎక్కువై ఇంజిన్ వేడెక్కుతుంది, అంతే. కంపెనీ సైలెన్సర్ ఎంత శబ్దం చేస్తుందో అంతే చేసేది, అదే పొడవుది వెతుక్కోండి.

మీది 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అయితే నా సలహా సూటిగా చెబుతాను: కంపెనీదే కొనండి. ఆ బండ్లకు ఎగ్జాస్ట్ దారిలో ఆక్సిజన్ సెన్సర్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. అవి లేని గొట్టం పెడితే పొగ పరీక్షలో పోతుంది, ఇంజిన్ లైటు వెలగొచ్చు. ఇక్కడ నేను చెప్పేదంతా నా బండి లాంటి పాత కార్బురేటర్ బండ్ల గురించే.

షాపుకి వెళ్లేముందు బెండ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా వచ్చే వంపు గొట్టం) చివర బయటి వ్యాసం వెర్నియర్‌తో తీసుకోండి, వెర్నియర్ లేకపోతే నూలు దారం చుట్టి పొడవు చూసి 3.14తో భాగించండి. కొత్త సైలెన్సర్ మెడ, అంటే ఆ పైపు మీదకు ఎక్కే ముందు భాగం, లోపలి కొలత దానికన్నా ఒక్క పిసరు ఎక్కువ ఉండాలి. చేత్తో తోస్తే కాస్త బిగువుగా వెళ్లడం సరైన కొలత. వదులుగా లొడలొడలాడితే క్లాంపు ఎంత బిగించినా పొగ కారుతుంది. అడుగున నీరు కారే చిన్న చిల్లు ఉందో లేదో కూడా చూడండి. ఉంటే అదృష్టం, దాన్ని ఎప్పుడూ మూయకండి.

ఇక పని. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, అంటే రాత్రంతా. పొద్దున చేయాలనుకుంటే ముందురోజు సాయంత్రమే ప్రతి నట్టు మీద, క్లాంపు మీద, మెడ దగ్గర డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. అది లేకపోతే కిరోసిన్, డీజిల్ కలిపి బ్రష్‌తో రాసినా పని జరుగుతుంది, కాకపోతే తర్వాత శుభ్రంగా తుడవాలి. బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేయండి. 12, 13, 14 నంబరు రింగు పానాలు, బాక్సు పానాలు, రబ్బరు సుత్తి, వైర్ బ్రష్, ఎమరీ పేపర్ దగ్గర పెట్టుకోండి. నోరు తెరిచి ఉండే ఫిక్స్‌డ్ పానా వాడకండి, తుప్పు నట్టు తలను అది గుండ్రం చేసేస్తుంది.

ఒక జాగ్రత్త గట్టిగా చెబుతాను. బెండ్ పైపును సిలిండర్ హెడ్‌కి పట్టి ఉంచే నట్లను, నిజంగా అవసరం లేకపోతే ముట్టుకోకండి. ఆ నట్లు ఎక్కే స్టడ్లు, అంటే తల లేని మరల కడ్డీలు, అల్యూమినియం హెడ్‌లో ఉంటాయి, ఏళ్ల తరబడి వేడికి కాలి పెళుసుబారతాయి. ఒకటి తెగితే లోపలి ముక్క తీయడానికి హెడ్ విప్పాల్సి రావచ్చు, ఇంటి పని కాస్తా వర్క్‌షాపు పని అవుతుంది. సైలెన్సర్ ఒక్కటే మారుస్తున్నప్పుడు బెండ్ పైపు దాని చోటునే ఉండనివ్వండి.

ముందు మెడ దగ్గర క్లాంపు వదులు చేయండి, తర్వాత వెనక బ్రాకెట్ బోల్టు. బోల్టు తీసేటప్పుడు సైలెన్సర్ కింద చెక్క దిమ్మె పెట్టండి, లేదంటే బరువంతా బెండ్ పైపు మీద పడి హెడ్ దగ్గర లాగుతుంది. నట్టు మొండికేస్తే ఒకేసారి బలం పెట్టకండి. ఓ పావు చుట్టు బిగించే వైపు, ఓ పావు చుట్టు విప్పే వైపు తిప్పుతూ, మధ్యలో నూనె వేస్తూ పోతే తుప్పు పొడిగా రాలి వస్తుంది. సైలెన్సర్ మెడ రాకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ చిన్నగా తడుతూ, ఎడమకి కుడికి మెలితిప్పుతూ వెనక్కి లాగండి.

పాత సైలెన్సర్‌ని వెంటనే పాతసామానువాడికి ఇచ్చేయకండి. వెనక బ్రాకెట్ దగ్గర రబ్బరు బుష్ ఉంటుంది, దాని లోపల చిన్న ఇనప గొట్టం, కాలర్ అంటాం. కొత్త సైలెన్సర్లతో ఇది చాలాసార్లు రాదు. కాలర్ లేకుండా బోల్టు బిగిస్తే రబ్బరు నలిగిపోయి ఇంజిన్ వణుకంతా నేరుగా బ్రాకెట్‌కి వెళ్తుంది. సింగిల్ సిలిండర్ వణుకు తెలిసిందే కదా, కొన్ని నెలలకు బ్రాకెట్ వెల్డింగ్ చీలిపోతుంది. బయట కొన్న సైలెన్సర్ విరిగిపడిందని విన్నప్పుడల్లా నేను ముందు అడిగేది ఆ కాలర్ సంగతే. బుష్ గట్టిపడి పగుళ్లు తీసి ఉంటే కొత్తది వేయండి, పెద్ద ఖర్చేం కాదు.

బెండ్ పైపు చివర మసి, తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, ఎమరీ పేపర్‌తో చుట్టూ నునుపు చేయండి. కొత్త సైలెన్సర్ మెడ లోపల కూడా వెల్డింగ్ గుళికలు ఉంటే ఆకురాయితో రుద్దేయండి. జాయింటులో చిన్న ఖాళీ ఉంటే ఎగ్జాస్ట్ కోసమే తయారుచేసిన సీలెంట్ పల్చగా రాయొచ్చు. మామూలు సిలికాన్ ఆ వేడికి కాలి బూడిదవుతుంది. కొత్త క్లాంపు ముందే మెడ మీదకు తొడిగి ఉంచండి, సైలెన్సర్ ఎక్కించాక గుర్తొస్తే మళ్లీ దించాలి.

ఇప్పుడు అసలు కీలకం. సైలెన్సర్‌ని లోపలికి తోయండి, మెడలో చీలికలుంటే ఆ చీలికల చివర దాటి పైపు లోపలికి వెళ్లాలి. వెనక బోల్టు రంధ్రం బ్రాకెట్ రంధ్రం ఎదురుగా దానంతట అదే రావాలి. రాకపోతే స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్ని బోల్టు దూర్చకండి. అలా దూర్చితే బోల్టు పడుతుంది గానీ, పొడవునా బిగదీసుకుని ఉంటుంది, వేడెక్కి సాగినప్పుడల్లా ఆ ఒత్తిడి హెడ్ స్టడ్ల మీద పడుతుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా అయితే వాషరు వేయండి. అంతకు మించితే బ్రాకెట్ రంధ్రాన్ని ఆకురాయితో పొడుగు చేయించుకోండి, లేదా ఆ సైలెన్సర్ మీ బండిది కాదని వెనక్కి ఇచ్చేయండి. నేను షాపుల్లో పొజిషన్ కుదరని సైలెన్సర్లు చాలా చూశాను, బండి పేరు రాసి ఉన్నంత మాత్రాన కుదురుతాయని లేదు.

అన్నీ చేత్తో వేసుకున్నాక, వెనక బోల్టు ముందు బిగించి, క్లాంపు చివర బిగించండి. సైలెన్సర్ తన చోట కుదురుకున్నాకే మెడను పట్టాలి, ముందే పట్టేస్తే అది వంకరగానే ఉండిపోతుంది. క్లాంపు బోల్టు తల లోపలి వైపుకో కిందికో ఉండేలా తిప్పుకోండి, ప్యాంటుకో చీర కుచ్చిళ్లకో తగలకుండా. బోల్టు మరలకు కాపర్ గ్రీజు కాస్త రాస్తే వచ్చేసారి విప్పడం హాయిగా ఉంటుంది. తర్వాత వెనక సీటు మీద ఒకరిని కూర్చోబెట్టి షాక్ అబ్జార్బర్లు నొక్కించి చూడండి, సైలెన్సర్ వెనక చక్రాన్ని పట్టే స్వింగ్ ఆర్మ్‌కి గానీ వెనక ఇరుసు నట్టుకి గానీ తగలకూడదు. బ్రేక్ పెడల్ పూర్తిగా కిందికి నొక్కి చూడండి. సెంటర్ స్టాండ్ పైకి ఎత్తినప్పుడు ఎక్కడ ఆగుతుందో కూడా గమనించండి, కొన్ని బండ్లలో దాని రబ్బరు సైలెన్సర్‌కే ఆనుకుంటుంది.

స్టార్ట్ చేసే ముందు సైలెన్సరంతా స్పిరిట్ గుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు క్రోమ్ మీద కాలిపోతే ఆ మచ్చ ఇక పోదు. ఆరుబయట స్టార్ట్ చేయండి, గ్యారేజీలోనో సెల్లారులోనో వద్దు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. మొదటిసారి తెల్లటి పొగ కాసేపు వస్తుంది. లోపలి నూనె, గ్లాస్ వూల్ జిగురు కాలడం అది, భయపడకండి. ఇంకా వేడెక్కకముందే జాయింటు చుట్టూ సబ్బునీళ్లు రాయండి, లీకుంటే బుడగలు వస్తాయి. లేదా ఓ రోజు తిరిగాక మెడ దగ్గర చూడండి, నల్లటి మసి గీత కనపడితే అక్కడే కారుతోంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టప్ టప్ మని పేలితే చాలామంది దాన్ని బుల్లెట్ రాజసం అనుకుంటారు. ఎక్కువసార్లు అది జాయింటులోంచి గాలి లోపలికి పీల్చుకుంటున్న గుర్తు, లేదా ఇంజిన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు తక్కువైన గుర్తు.

ఒక ముప్పై కిలోమీటర్లు నడిపి, మళ్లీ పూర్తిగా చల్లార్చి క్లాంపు, వెనక బోల్టు ఇంకోసారి చూడండి. వేడికి లోహం సాగి కుదించుకున్నాక అర చుట్టు దాకా బిగువు వస్తుంది. వంద రెండువందల కిలోమీటర్ల తర్వాత స్పార్క్ ప్లగ్ విప్పి రంగు చూడండి. కాఫీ పొడి రంగులో ఉంటే మిశ్రమం సరిగా ఉన్నట్టే. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువవుతోంది, కార్బురేటర్ తెలిసిన మెకానిక్‌కి చూపించి పెట్రోలు కొలిచి వదిలే జెట్టు సరిచేయించుకున్నాకే దూర ప్రయాణాలు పెట్టుకోండి. ఆపైన పొగ పరీక్ష చేయించి కొత్త పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకోండి. పాతదానికి గడువు మిగిలున్నా సరే, దానికి అయ్యే ఖర్చు తక్కువే. కొత్త సైలెన్సర్‌తో ఇంజిన్ ఎలా ఉందో ఆ కాగితం మీది కార్బన్ మోనాక్సైడ్ అంకె చెబుతుంది.