వైద్యంలో పొరపాటు జరిగిందని చెప్పడానికి వెళ్లే ముందు

ముందు కేసు షీటు మీరే పూర్తిగా చదవండి: ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని గంటలకు. పాత రాత దిద్దకండి. చేర్చాల్సింది ఉంటే ఈనాటి తేదీ, సమయం వేసి విడిగా రాయండి.

రోగి మాట్లాడగలిగితే ముందు రోగికే చెప్పాలి.

వరండాలో నిలబడి చెప్పకండి. తలుపున్న గది, అందరికీ కుర్చీలు, మీకూ ఒకటి. తిరుపతికి తిరుత్తణి, కోలారు వైపుల నుంచి కూడా రోగులు వస్తారు. తమిళమో కన్నడమో బాగా వచ్చిన నర్సును వెంట తీసుకెళ్లండి. పదేళ్ల మనవడి చేత తర్జుమా చేయించకండి.

మొదటి వాక్యం రాసుకోండి. ఒకసారి నేను ‘చిన్న కాంప్లికేషన్’ అని మొదలుపెట్టాను. పెద్దాయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని, "తప్పు మీదా, మా అమ్మాయి ఒంటిదా సార్?" అన్నాడు. "పెన్సిలిన్ పడదని షీటులో ఉంది. చూడకుండా ఇచ్చాం. క్షమించండి." చెప్పాల్సింది అంతే, నాకు పావుగంట పట్టింది.

ఎవరి తప్పూ లేకుండా వికటిస్తే అదీ చెప్పండి. లేని తప్పు నెత్తిన వేసుకోనక్కర్లేదు.

రికార్డులు అడిగితే ముఖం మాడ్చుకోకండి. 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది.

మళ్లీ ఎన్ని గంటలకు వస్తారో చెప్పండి. ఆ గంటకు వెళ్లండి, కొత్త విషయమేమీ లేకపోయినా.