డాలస్‌లో మొదటి కారు: ప్లగ్-ఇన్ హైబ్రిడా, పూర్తి ఎలక్ట్రిక్కా?

డాలస్‌లో దిగిన నెలలోపే కారు సంగతి తేల్చుకోవాల్సి వస్తుంది. ఇల్లు ఫ్రిస్కోలో, ఆఫీసు ఇర్వింగ్‌లో అయితే రైళ్లను, బస్సులను నమ్ముకుని రోజూ టైముకి చేరడం కష్టమే. సలహా అడిగితే ప్రతివాళ్లూ తమ కారునే కొనమంటారు. టెస్లా ఉన్నాయన "ఇంకేం ఆలోచించకు బ్రో, తీసేసుకో" అంటాడు. టయోటా ఉన్నాయన "ఎలక్ట్రిక్ జోలికి పోకు, దారిలో ఛార్జ్ అయిపోతే టెన్షన్" అంటాడు. ఇద్దరిదీ నిజమే, ఎవరి ఇంటికి వాళ్లది. మోడల్, రంగు, స్క్రీన్ సైజు తర్వాత చూసుకోవచ్చు. ముందు మీ కారు రాత్రిపూట ఎక్కడ ఆగుతుంది, ఆ చోట ప్లగ్ ఉందా లేదా చూడండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

తేడా క్లుప్తంగా చెప్తాను. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ, దానితో పాటు గ్యాస్ ఇంజను ఉంటాయి (ఇక్కడ పెట్రోలును గ్యాస్ అంటారని ఈపాటికి అలవాటై ఉంటుంది). ఛార్జ్ ఉన్నంతసేపు కరెంటు మీద, అది అయిపోయాక మామూలు హైబ్రిడ్‌లా (ప్లగ్ పెట్టకుండా, గ్యాస్ మీదే నడుస్తూ తన చిన్న బ్యాటరీని తనే నింపుకునే కారులా) నడుస్తుంది. ఒకసారి ఛార్జ్ చేస్తే టయోటా ప్రియస్ ప్లగ్-ఇన్ 44 మైళ్ల దాకా, రావ్4 ప్లగ్-ఇన్‌లో నిన్నమొన్నటి మోడళ్లు 42, మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ 38, క్రైస్లర్ పసిఫికా 32 మైళ్లు కరెంటు మీద వెళ్తాయి. పూర్తి ఎలక్ట్రిక్‌లో (ఈవీ అనేది దీన్నే) ఇంజనే ఉండదు. షెవర్లే ఈక్వినాక్స్ ఈవీ, టెస్లా మోడల్ వై, హ్యుందాయ్ ఐయానిక్ 5 లాంటివాటిలో 300 మైళ్లకు అటూఇటూ వస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే

కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఉండేది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. లీజింగ్ ఆఫీసువాళ్లు "మా దగ్గర ఈవీ ఛార్జింగ్ ఉంది" అని గొప్పగా చెప్తారు. తీరా వెళ్లి చూస్తే మొత్తం కాంప్లెక్సుకు ఉన్నది రెండే కేబుళ్లు. రాత్రి భోజనం అయ్యాక ఖాళీ అయిందేమోనని ఫోన్లో యాప్ చూసుకోవడం, పదకొండింటికి చెప్పులేసుకుని కిందికి దిగి కారు మార్చుకోవడం మొదట్లో సరదాగానే ఉంటుంది. లీజు మీద సంతకం పెట్టకముందే ఒక సాయంత్రం ఎనిమిది దాటాక వెళ్లి ఆ ఛార్జర్ల దగ్గర ఎన్ని కార్లు ఉన్నాయో చూసి రండి. యూనిట్‌కు ఎంత తీసుకుంటారు, ఛార్జ్ పూర్తయ్యాక కారు తీయకపోతే ఫైన్ ఉందా అన్నది కూడా అడగండి.

అదీ లేకపోతే మిగిలేది రోడ్డు పక్కన ఉండే ఫాస్ట్ ఛార్జర్లు. ఇక్కడే లెక్క తిరగబడుతుంది. ఎలక్ట్రిక్ కారుకు 100 మైళ్లకు సుమారు 30 యూనిట్లు ఖర్చవుతాయి. నెలకు 1,000 మైళ్లు తిరిగితే 300 యూనిట్లు. ఇంట్లో యూనిట్ 15 సెంట్లు పడితే 45 డాలర్లు. అదే ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 45 సెంట్లు పడితే 135 డాలర్లు. గ్యాలన్‌కు 50 మైళ్లిచ్చే మామూలు ప్రియస్‌లో, గ్యాస్ 3 డాలర్లున్నప్పుడు, అంతే దూరానికి 60 డాలర్లు. అంటే ప్లగ్ లేనివాళ్లకు ఎలక్ట్రిక్ కారు హైబ్రిడ్ కన్నా రెట్టింపుకు మించి ఖర్చు పెట్టిస్తుంది. ఇక ఇలాంటి చోట ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొనడమంటే వాడని బ్యాటరీని డబ్బులిచ్చి మరీ మోసుకు తిరగడమే. నన్నడిగితే ప్లగ్ లేని అపార్ట్‌మెంట్‌కు ఈ రెండూ వద్దు. మామూలు హైబ్రిడ్ తీసుకుని, ఇల్లు మారినప్పుడు మళ్లీ ఆలోచించండి.

ఒక్క మినహాయింపు ఉంది. ఆఫీసు పార్కింగ్‌లో ఛార్జర్ దొరుకుతుంటే కథ వేరు. కానీ వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు వెళ్తారు, ఆ ఛార్జర్ కోసం ఎంతమంది కాచుకుని ఉంటారు అన్నది మీ టీమ్‌లో ఈవీ ఉన్నవాళ్లనే అడగాలి. హెచ్ఆర్ చెప్పే మాట మీద కారు కొనకండి.

గ్యారేజీ ఉంటే

ఇండియాలో 230 వోల్టులు అలవాటైన మనకు ఇక్కడి సాకెట్లు కొంచెం తికమక పెడతాయి. గదుల్లో, గ్యారేజీ గోడకు ఉండే మామూలు సాకెట్ 120 వోల్టులది. బట్టల డ్రయ్యర్‌కు, కరెంటు స్టవ్‌కు మాత్రం పెద్ద ప్లగ్, 240 వోల్టులు. మామూలు సాకెట్‌తో గంటకు మూడు నుంచి ఐదు మైళ్లే ఎక్కుతుంది. ఇదేం ఛార్జింగ్ అని నవ్వొస్తుంది కానీ, రాత్రి ఏడింటికి పెట్టి పొద్దున ఏడింటికి తీస్తే ఎంత లేదన్నా ముప్ఫై ఐదు మైళ్లు దాటుతుంది. ప్రియస్ ప్లగ్-ఇన్ అయితే పదకొండు గంటల్లో పూర్తిగా నిండిపోతుంది. దీనికి ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు, ఇంటి ఓనర్ అనుమతితో గోడలు తవ్వే పని లేదు. అద్దె ఇంట్లో గ్యారేజీ ఉన్నవాళ్లకు ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఇంత చక్కగా కుదరడానికి కారణం ఇదే. రోజుకు ముప్ఫై మైళ్లలోపు తిరిగేవాళ్లకు ఇదే సాకెట్‌తో పూర్తి ఎలక్ట్రిక్ కూడా నడిచిపోతుంది. ఈ సంగతి షోరూముల్లో పెద్దగా చెప్పరు.

సాకెట్ పాతదైతే జాగ్రత్త. గంటసేపు ఛార్జ్ అయ్యాక ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చురుక్కుమంటే లోపల వదులైందని అర్థం, మార్పించాల్సిందే. మామూలు ఎక్స్‌టెన్షన్ కేబుల్ పెట్టి ఛార్జ్ చేయొద్దు.

సొంత ఇల్లయితే 240 వోల్టుల లైను వేయించుకోవచ్చు. గ్యారేజీలో బ్రేకర్ ప్యానెల్ తలుపు తెరిచి పైన ఉండే మెయిన్ బ్రేకర్ మీద 100 ఉందా, 200 ఉందా చూడండి. 200 ఆంపియర్లుంటే చాలా ఇళ్లలో ఇబ్బంది రాదు. 100 అయితే ఏసీ, డ్రయ్యర్, కారు మూడూ కలిసి నడుస్తాయో లేదో ఎలక్ట్రీషియన్ లెక్కగట్టాలి. ఛార్జర్ గంటల తరబడి నడిచేది కాబట్టి బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతమే వాడాలన్నది నియమం. 50 ఆంపియర్ల బ్రేకర్ పెడితే 40 ఆంపియర్లతో ఛార్జ్ అవుతుంది, ఎంత ఖాళీ అయినా తెల్లారేసరికి దాదాపు నిండుతుంది. సిటీ పర్మిట్ తీసుకునే ఎలక్ట్రీషియన్‌నే పిలవండి.

దూరం, దారి

ఫ్రిస్కో నుంచి ఇర్వింగ్‌లోని లాస్ కొలినాస్‌కు ఒకవైపే పాతిక మైళ్ల దాకా ఉంటుంది. రానూపోనూ యాభై. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు ఇది సరిగ్గా హద్దు దాటే దూరం. టోల్‌వే మీద వేగంగా పోతూ ఆగస్టులో ఏసీ వేస్తే 42 మైళ్లని రాసింది కూడా రాదు, తిరుగు ప్రయాణంలో ఇంజను మొదలవుతుంది. అది తప్పేం కాదు, కానీ రోజూ అదే జరిగేట్టయితే పూర్తి ఎలక్ట్రిక్ వైపు మొగ్గడం మేలు. ప్లేనో లెగసీ ఏరియాలో ఆఫీసు, ఫ్రిస్కోలో ఇల్లు అయితే ప్లగ్-ఇన్‌లో వారాల తరబడి గ్యాస్ కొట్టించే పనే ఉండదు.

హ్యూస్టన్ వైపు చుట్టాలున్నవాళ్లకు, పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి వెళ్లొచ్చేవాళ్లకు ఒక మాట. డాలస్ నుంచి హ్యూస్టన్ 240 మైళ్లు. ఐ-45 మీద 75 మైళ్ల స్పీడులో 300 మైళ్ల కారు 300 ఇవ్వదు. దారిలో ఒకచోట ఇరవై ముప్ఫై నిమిషాలు ఆగాలి. దారి పొడవునా ఛార్జర్లున్నాయి కాబట్టి భయపడాల్సిందేం లేదు. పిల్లలున్నవాళ్లు ఎలాగూ ఆగుతారు. థ్యాంక్స్‌గివింగ్ వారాంతంలో మాత్రం క్యూ ఉండొచ్చు. చలి కూడా లెక్కలో పెట్టుకోండి. ఏఏఏ అనే వాహనదారుల సంస్థ 2019లో చేసిన పరీక్షలో 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర హీటర్ వేసి నడిపితే రేంజ్ (ఒక ఛార్జ్‌తో వెళ్లే దూరం) సగటున 41 శాతం తగ్గింది. డాలస్‌లో అలాంటి రోజులు ఏడాదికి కొన్నే. అదే మీరు రేపు షికాగోకో న్యూజెర్సీకో మారితే, చలికాలమంతా అంతో ఇంతో ఆ కోత ఉంటుంది.

డబ్బు, వీసా

పాత యూట్యూబ్ వీడియోలు చూసి 7,500 డాలర్లు వెనక్కొస్తాయని లెక్కేసుకోకండి. కొత్త కార్ల మీద ఆ ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్, పాత ఈవీల మీద ఉన్న 4,000 రెండూ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయాయి. పైగా టెక్సస్‌లో పూర్తి ఎలక్ట్రిక్ కారుకు 2023 సెప్టెంబరు నుంచి ప్రత్యేక ఫీజు ఉంది: కొత్త కారుకు మొదటి రెండేళ్లకు కలిపి 400 డాలర్లు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్‌తో పాటు ఏటా 200. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు ఇది లేదు. ఈవీలు గ్యాస్ మీద పన్ను కట్టడం లేదు కదా అన్నది ప్రభుత్వం వాదన. రాష్ట్రం గ్యాలన్‌కు తీసుకునేది 20 సెంట్లు, అంటే ఈ 200 డాలర్లు వెయ్యి గ్యాలన్ల పన్ను. ఏడాదికి వెయ్యి గ్యాలన్లు తాగించేవాళ్లు ఎంతమంది ఉంటారు? నాకైతే ఇది అన్యాయంగానే కనిపిస్తుంది. దానికి బదులుగా ఈవీకి ఆయిల్ మార్పించే పని, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో గ్యాస్ కార్లకుండే ఎమిషన్ (పొగ) టెస్టు తప్పుతాయి.

కరెంటు ప్లాన్ విషయంలో ఇర్వింగ్, ప్లేనోల్లో చాలాచోట్ల మీకు నచ్చిన కంపెనీని ఎంచుకోవచ్చు. ఫ్రిస్కోలో కోసర్వ్ అనే కరెంటు సహకార సంస్థ కిందికి వచ్చే ఇళ్లకు, డెంటన్, గార్లండ్‌లలో సిటీ కరెంటు ఉన్నవాళ్లకు ఆ వీల్లేదు. "రాత్రి ఉచితం" అనే ప్లాన్లు కారుకు బాగా పనికొస్తాయి. కాకపోతే అందులో పగటి రేటు ఎక్కువ, పగలంతా ఇంట్లో ఏసీ నడిస్తే మిగిలిందంతా అక్కడ పోతుంది.

వీసా సంగతి ఎవరూ కారుతో కలిపి ఆలోచించరు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. అప్పుడు 72 నెలల లోను, మధ్యలో వదిలితే పెనాల్టీ పడే లీజు రెండూ బరువే. క్రెడిట్ హిస్టరీ లేనప్పుడు వడ్డీ కూడా ఎక్కువ వేస్తారు. కొత్త ఈవీల ధర మొదటి మూడేళ్లలో గట్టిగా పడిపోతుంది, కాబట్టి మూడేళ్లు వాడిన ఈవీ కొనేవాళ్లకే లాభం. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ మామూలుగా ఉంటుంది, ఇంకా ఎంత మిగిలిందో చూసుకోండి. చవగ్గా దొరుకుతుందని పాత నిస్సాన్ లీఫ్ మాత్రం తీసుకోవద్దు. 2025 వరకు వచ్చిన మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచే ద్రవం ఏర్పాటు లేదు, టెక్సస్ ఎండకు అది త్వరగా నీరసిస్తుంది, దాని ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్ కూడా ఇప్పుడు దొరకడం కష్టం. పాత షెవర్లే బోల్ట్ మేలు, కాకపోతే ఫాస్ట్ ఛార్జర్ దగ్గర కూడా నెమ్మదే.

కారు ఖాయం చేసుకునే ముందు దాని విన్ నంబరు (ఒక్కో కారుకు విడిగా ఉండే గుర్తింపు నంబరు) పెట్టి ఇన్సూరెన్స్ కోట్ తెప్పించుకోండి. ఈవీలకు ప్రీమియం తరచూ ఎక్కువే వస్తుంది, చాలా కంపెనీలు ఇండియాలో నడిపిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవు. డెలివరీ రోజు డిక్కీ తెరిచి 120 వోల్టుల ఛార్జింగ్ కేబుల్ ఉందో లేదో చూసుకోండి. టెస్లా 2022 నుంచి కారుతో పాటు దాన్ని ఇవ్వడం మానేసింది, విడిగా కొనుక్కోవాలి. సెకండ్ హ్యాండ్ కార్లలో పాత ఓనర్ ఉంచేసుకునే మొదటి వస్తువు కూడా అదే.