‘కియెరో కే’ తర్వాత నోరు తిరగకపోతే: స్పానిష్ సబ్‌హుంతివో తిప్పలు

సమస్య: ‘నువ్వు స్పానిష్ మాట్లాడాలని నా కోరిక’ అనబోయి ‘కియెరో కే అబ్లాస్ ఎస్పన్యోల్’ అనేస్తాం. ఎదుటివాళ్లకి అర్థమవుతుంది గానీ మొహం చిట్లిస్తారు.

కారణం: ‘కియెరో కే’ అంటే ‘అని కోరుకుంటున్నా’, ‘అబ్లాస్’ అంటే ‘మాట్లాడతావు’. ఉన్నదున్నట్టు చెప్పే రూపం అది. కోరికకి, అనుమానానికి వేరే రూపం ఉంది, అదే సబ్‌హుంతివో. దీన్ని బ్రహ్మవిద్యలా చూస్తాం గానీ, ఇలాంటి తేడా మన నోట్లోనూ ఉంది. ‘తింటావని అనుకుంటున్నా’, ‘నువ్వు తినాలని కోరుకుంటున్నా’. ఎవరైనా ‘తింటావని కోరుకుంటున్నా’ అంటే చెవికి ఎలా ఉంటుంది? వాళ్లకీ అంతే. మొదటిది ‘క్రెయో కే కోమేస్’, రెండోది ‘కియెరో కే కోమాస్’.

పరిష్కారం: ‘నేను’ రూపం తీసుకోండి: అబ్లో (మాట్లాడతాను), కోమో (తింటాను), బీబో (జీవిస్తాను). చివరి ‘ఓ’ తీసేయండి. ‘అబ్లార్’లా ‘ఆర్’తో ముగిసే క్రియలకి ‘ఏ’ తగిలించండి; ‘కొమేర్’, ‘బిబిర్’లా ‘ఏర్’, ‘ఇర్’లతో ముగిసేవాటికి ‘ఆ’ తగిలించండి. వరసగా నేను, నువ్వు, అతను, మనం, మీరు, వాళ్లు: అబ్లే, అబ్లేస్, అబ్లే, అబ్లేమోస్, అబ్లేయిస్, అబ్లేన్. కోమా, కోమాస్, కోమా, కోమామోస్, కోమాయిస్, కోమాన్. ‘బిబిర్’ కూడా ‘కోమా’ దారే. ‘నేను’, ‘అతను’ రూపాలు ఒకటే కాబట్టి తికమక అనిపిస్తే ముందు ‘యో’ (నేను) పెట్టండి.

సమస్య: ‘నాకు తినాలని ఉంది’ అనడానికి ‘కియెరో కే యో కోమా’.
కోరేదీ తినేదీ ఒకరే అయితే ‘కే’ అక్కర్లేదు. ‘కియెరో కొమేర్’ చాలు.

సమస్య: పలకడం సరిగ్గానే ఉంది, రాస్తే తప్పు.
‘బుస్కార్’ (వెతకడం) నుంచి ‘బుస్కే’, ‘పగార్’ (డబ్బు కట్టడం) నుంచి ‘పాగే’. రోమన్ లిపిలో ఈ ‘ఏ’ని రాసే ‘e’ అక్షరం ముందు ‘సి’ వస్తే ‘క’ పలకదు, ‘జి’ వస్తే ‘హ’ అయిపోతుంది. అందుకే ‘సి’ స్థానంలో ‘క్యూ, యు’ రాయాలి, ‘జి’ పక్కన ‘యు’ చేర్చాలి. తెలుగు లిపిలో రాసుంటే ఈ బాధే లేదు!

సమస్య: ‘ఇంటికి చేరగానే ఫోన్ చేస్తా’ అన్నప్పుడు ‘చేరగానే’కి ‘క్వాందో యేగో’ అనడం.
ఇక్కడ తెలుగు ఆదుకోదు. రోజూ చేరినా, రేపు చేరబోతున్నా మనకి ‘చేరగానే’ ఒక్కటే. స్పానిష్‌లో ఇంకా జరగనిదానికి సబ్‌హుంతివో కావాలి. మనసులో ‘రోజూ’ ఒకసారి, ‘రేపు’ ఒకసారి చేర్చి చూడండి. ‘రోజూ’ అతికితే ‘క్వాందో యేగో ఆ కాసా’, ‘రేపు’ అతికితే ‘క్వాందో యేగే ఆ కాసా’.