అంతరిక్షానికి వెళ్లొచ్చిన నౌకను దగ్గర నుంచి చూడటం ఎలా?

గోదావరి జిల్లాల్లో రాకెట్ అంటే చాలామందికి టీవీలో కనిపించే నిప్పు, పొగ, ఆ తర్వాత చప్పట్లు. ఆ యంత్రాల పక్కన నిలబడి, వాటి మసిని, మరలను, అతుకులను తీరిగ్గా చూడాలంటే డెల్టా దాటి వెళ్లక తప్పదు. అయితే అందుకోసం ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోనక్కర్లేదు. తిరుపతికి, శబరిమలకు, ఢిల్లీకి మనవాళ్లు ఎలాగూ వెళ్తూనే ఉంటారు. వాటికే ఒక పూట కలుపుకుంటే చాలు.

ముందు బోర్డు చదవండి

మ్యూజియంలో మీ ఎదురుగా ఉన్నది మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది: నిజంగా అంతరిక్షానికి వెళ్లి తిరిగొచ్చినది, పరీక్షల కోసమో అదనంగానో తయారుచేసి ఎగరేయనిది, కేవలం చూపడానికి చేసిన నమూనా. బోర్డు మీద మోడల్, మాకప్ (చూపడానికి చేసిన నమూనా), ఇంజినీరింగ్ మోడల్ (పరీక్షల కోసం చేసినది), ఫ్లైట్ స్పేర్ (అదనంగా చేసినది) అనే మాటల కోసం వెతకండి. ఏమీ రాసి లేకపోతే అక్కడి సిబ్బందిని అడగండి. మొహమాటపడితే నమూనా ముందు ఫొటో దిగి, అసలుదాన్ని దాటుకుని వచ్చేస్తారు.

మొదటి రకం ఎందుకంత అరుదు? రాకెట్ భాగాలు సముద్రంలో పడిపోతాయి. కాలం తీరిన ఉపగ్రహాల్లో చాలావరకు వాతావరణంలోకి దిగుతూ కాలిపోతాయి. 1975లో వెళ్లిన మన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట 1992లో అలాగే ముగిసింది కాబట్టి, ఏ మ్యూజియంలో ఆర్యభట్టను చూసినా అది కక్ష్యలో తిరిగినది కాదు. తిరిగి రావడానికే తయారైనవి మాత్రం వస్తాయి. 2007 జనవరిలో ఇస్రో పంపిన ఎస్ఆర్ఈ-1 గుళిక (క్యాప్సూల్) 12 రోజుల తర్వాత మన బంగాళాఖాతంలోనే దిగింది.

ఢిల్లీ వెళ్తే: రాకేశ్ శర్మ తిరిగొచ్చిన నౌక

ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడమంటాను. తీన్ మూర్తి భవన్ ఆవరణలోని నెహ్రూ ప్లానెటోరియంలో సోవియట్ నౌక సోయుజ్ టి-10 గుళికను ఉంచారు. రాజమండ్రి, తాడేపల్లిగూడెంలలో ఆగే ఏపీ ఎక్స్‌ప్రెస్ నేరుగా ఢిల్లీ చేరుస్తుంది. సోమవారం ప్లానెటోరియానికి సెలవు. మరమ్మతులేవైనా జరుగుతున్నాయేమో ముందే ఫోను చేసి కనుక్కోండి.

అంతరిక్షానికి వెళ్లిన తొలి భారతీయుడు, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న బయలుదేరింది సోయుజ్ టి-11లో. తిరిగొచ్చింది ఏప్రిల్ 11న, టి-10లో. బోర్డు మీద అంకె తప్పుపడిందని అనుకోకండి. సోయుజ్ నౌక కక్ష్యలో ఎక్కువ కాలం ఉంటే దాని మీద భరోసా తగ్గుతుంది. అందుకే కొద్ది రోజుల కోసం అంతరిక్ష కేంద్రానికి వచ్చినవాళ్లు తమ కొత్త నౌకను అక్కడున్నవాళ్లకు వదిలి, పాతదానిలో దిగేవారు.

గుళిక దగ్గర తొందరపడకండి. దాని వెడల్పు సుమారు 2.2 మీటర్లు. అందులో ముగ్గురు మోకాళ్లు ముడుచుకుని, పక్కపక్కనే పడుకున్నట్టుగా కూర్చుని దిగారు. సోయుజ్‌లో ప్రతి ఒక్కరి సీటునూ వారి వీపు ఆకృతికి అచ్చు తీసి చేస్తారు. తర్వాత చుట్టూ తిరిగి పైపొరను చూడండి. సోయుజ్ కాస్త వాలుగా వాతావరణంలోకి దూసుకొస్తుంది కాబట్టి, అన్ని వైపులా ఒకే తీరున కాలదు. ఏ వైపు ఎక్కువ మాడిందో గుర్తిస్తే, అది గాలిని ఏ వైపుతో ఎదుర్కొందో మీకే తెలుస్తుంది. వీలైతే అడుగుభాగం వైపు వంగి చూడండి. అక్కడి ఉష్ణ కవచాన్ని దారిలోనే వదిలేస్తారు. దాని వెనుక దాగిన చిన్న ఇంజిన్లు నేల తాకడానికి క్షణం ముందు మండి దెబ్బను తగ్గిస్తాయి. సుమారు వెయ్యి చదరపు మీటర్ల పారాచూట్ ఉన్నా ఆ ఇంజిన్ల అవసరం తప్పలేదు.

శబరిమల నుంచి తిరిగి వస్తూ: తుంబా

మాల వేసుకుని బొకారో ఎక్స్‌ప్రెస్‌లో కేరళ వెళ్లేవాళ్లు మన దగ్గర లెక్కలేనంతమంది. దర్శనం అయ్యాక తిరువనంతపురం దాకా వెళ్తే, నగర శివార్లలోనే తుంబా ఉంది. అక్కడి సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చి ఇప్పుడు విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వారి మ్యూజియం. భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గరగా ఉందని ఆ మత్స్యకార గ్రామాన్ని రాకెట్ ప్రయోగాలకు ఎంచుకున్నారు. ఊరివాళ్లు చర్చిని శాస్త్రవేత్తలకు ఇచ్చేశారు. 1963 నవంబర్ 21న అమెరికా నుంచి తెచ్చిన నైకీ-అపాచీ రాకెట్ అక్కడినుంచే లేచింది. వేళలు ముందే కనుక్కుని, గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి.

రోహిణి రాకెట్ల పేర్లలోని అంకెలను గమనించండి. ఆర్‌హెచ్-75 అంటే 75 మిల్లీమీటర్ల వ్యాసం, ఆర్‌హెచ్-200 అంటే 200 మిల్లీమీటర్లు. ఆ పెద్దది కూడా కోనసీమ కొబ్బరి మాను కన్నా సన్నం. పక్కనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన మన తొలి రాకెట్ ఎస్ఎల్‌వీ-3 వివరాలు చదవండి: పొడవు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, మోసుకెళ్లగలిగింది 40 కిలోలు. పిల్లలతో వెళ్తే ఈ మూడు అంకెలు వాళ్ల చేతే నోట్‌బుక్‌లో రాయించండి. మిగిలిన బరువంతా దేనికని వాళ్లే అడుగుతారు.

తిరుపతి వెళ్తే: శ్రీహరికోట

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేటకు బస్సులో చేరవచ్చు. నేరుగా వెళ్లేవాళ్లు చెన్నై వైపు రైలెక్కి, అది సూళ్లూరుపేటలో ఆగకపోతే గూడూరులో దిగి మరో బండి పట్టుకోవాలి. ప్రయోగాల ముందు ఇస్రో పెద్దలు దర్శించుకునే చెంగాళమ్మ గుడి సూళ్లూరుపేటలోనే ఉంది. అక్కడినుంచి దారి పులికాట్ సరస్సు మధ్యగా సాగుతుంది. చలికాలంలో అయితే ఫ్లెమింగోలు కనిపిస్తాయి.

శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం షార్‌లోకి ఎవరంటే వారు నడిచి వెళ్లలేరు. ప్రయోగం చూడాలంటే ఆన్‌లైన్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. 2019లో తెరిచిన వీక్షణ గ్యాలరీలో సుమారు ఐదు వేల మందికి చోటుంది. అయినా నమోదు మొదలైన కాసేపటికే నిండిపోతుంటుంది. తిరుగు టికెట్టు అదే రాత్రికి తీసుకోకండి, ప్రయోగాలు వాయిదా పడుతుంటాయి. నా మటుకు నాకు ప్రయోగం కన్నా అక్కడి మ్యూజియమే ముఖ్యం. నింగికెగసే రాకెట్ కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, రెండు నిమిషాల్లో మాయమవుతుంది. పాఠశాలలు, కళాశాలలు బృందంగా వెళ్లాలంటే చాలా ముందుగానే రాతపూర్వకంగా అనుమతి అడగాలి.

ఎక్కడికీ వెళ్లలేకపోతే

అక్టోబర్ 4 నుంచి 10 దాకా జరిగే ప్రపంచ అంతరిక్ష వారోత్సవాల కోసం స్థానిక పత్రికల జిల్లా పేజీలు చూస్తూ ఉండండి. షార్ వారు రాష్ట్రంలోని పట్టణాల్లో ప్రదర్శనలు పెడుతుంటారు. అక్కడ ఉండేవి ఎక్కువగా నమూనాలే, కానీ పక్కన నిలబడి వివరించేది ఆ పని చేసే ఇంజినీర్లు. హైదరాబాద్ వెళ్తే బిర్లా సైన్స్ మ్యూజియంలోని అంతరిక్ష విభాగానికి ఓ గంట చాలు.

తీరానికి కొట్టుకొస్తే

అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా మనకు పొడవాటి తీరం ఉంది, శ్రీహరికోట ఉన్నదీ ఇదే సముద్రం మీద. కాబట్టి ఇది తెలిసి ఉండటం మంచిది. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో ఒక పెద్ద డ్రమ్ము లాంటిది దొరికింది. అది ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ మూడో దశ భాగమని తేలింది. అలాంటిది మీ కంట పడితే ముట్టుకోకండి, కోయకండి, పాత ఇనుము కొట్టుకు అమ్మకండి. కొన్ని ట్యాంకుల్లో మిగిలిపోయే హైడ్రజీన్ జాతి ఇంధనం విషం. దూరం నుంచి ఫొటో తీసి, పిల్లలను పక్కకు తప్పించి, పోలీసులకు లేదా మెరైన్ పోలీసులకు చెప్పండి. అంతర్జాతీయ ఒప్పందాల ప్రకారం రాకెట్ భాగం ఎక్కడ పడినా ప్రయోగించిన దేశానిదే, దొరికినవాళ్లది కాదు.