వరదల్లో డ్రోన్ ఎగరేయడానికి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అత్యవసర అనుమతి: ఫారం కంటే ముందు చూసుకోవాల్సింది

టెక్సస్‌లో మా వైపు వరదలొచ్చినప్పుడు తెలిసిన తమ్ముడొకడు మూడు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్తే దారిలోనే ఆపి వెనక్కి పంపేశారు. అతని దగ్గర పార్ట్ 107 సర్టిఫికెట్ (ఎఫ్ఏఏ ఇచ్చే డ్రోన్ పైలట్ లైసెన్సు) ఉంది, థర్మల్ కెమెరా ఉన్న మంచి డ్రోన్ ఉంది, కానీ అతన్ని రమ్మని అడిగినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఇంకొకాయన అర్జెంట్ వేవర్ (రూల్ నుంచి మినహాయింపు) ఇప్పిస్తామన్న ఒక వెబ్‌సైట్‌కి డబ్బు కట్టి, ఆ తర్వాత నాకు ఫోన్ చేశాడు. ఈ రెండూ చూశాక రాస్తున్నాను.

ముందు మీకు అసలు అనుమతి అవసరమో లేదో చూసుకోండి. 400 అడుగుల లోపు, డ్రోన్ కంటికి కనబడే దూరంలో, ఎయిర్‌పోర్టు కంట్రోల్ లేని చోట, నిషేధం ఏమీ లేకపోతే పార్ట్ 107 ఒక్కటే చాలు. ఎయిర్‌పోర్టు దగ్గరైతే లాన్స్ (LAANC) అనే ఎఫ్ఏఏ ఆన్‌లైన్ అనుమతుల వ్యవస్థ ఉన్న యాప్‌లో చాలాసార్లు నిమిషాల్లో అనుమతి వస్తుంది. కంటిచూపు దాటి ఎగరేయడం లాంటి వాటికి మామూలు వేవర్‌కి ఎఫ్ఏఏ సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, దానికి 90 రోజుల దాకా పట్టొచ్చు. వరద నీళ్ళు అన్నాళ్ళు ఉండవు కదా, అందుకే ఎస్‌జీఐ (స్పెషల్ గవర్నమెంటల్ ఇంటరెస్ట్) అనే అత్యవసర దారి ఉంది.

దీనికి ఎఫ్ఏఏ ఇచ్చే అత్యవసర దరఖాస్తు ఫారం నింపి, వాళ్ళ సిస్టమ్ ఆపరేషన్స్ సపోర్ట్ సెంటర్‌కి ఈమెయిల్ చేయాలి. ఆ సెంటర్ రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఫారంలో పైలట్ వివరాలు, డ్రోన్ వివరాలు, ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనేవి రాయాలి. చోటుని ఊరి పేరుతో వదిలేయకుండా అక్షాంశ రేఖాంశాలతో ఇవ్వండి. ఎగరేసేది మూడు గంటలైతే మూడు గంటలే అడగండి, ఎందుకైనా మంచిదని వారం రోజులు రాయకండి. దీనికి ఫీజు లేదు. మామూలు వేవర్‌కీ లేదు. డ్రోన్ రిజిస్ట్రేషన్‌కి 5 డాలర్లు, పార్ట్ 107 పరీక్షకి 175 డాలర్లు, అంతే. అంతకు మించి ఎవరైనా అడిగితే ఆ డబ్బు ఎఫ్ఏఏకి వెళ్ళడం లేదని అర్థం. అనుమతి వచ్చినా అది మీకున్న సర్టిఫికెట్‌కి సవరణగానే వస్తుంది కాబట్టి, పార్ట్ 107 గానీ ప్రభుత్వ సంస్థలు తీసుకునే సీఓఏ అనే అనుమతిపత్రం గానీ ముందే చేతిలో లేనివాళ్ళకి ఈ దారి లేదు.

ఇంతవరకూ అందరూ బాగానే చేస్తారు. ఆగిపోయేది "ఎందుకు" అన్న దగ్గర. "బాధితులకు సాయం చేయాలనుకుంటున్నాను" అని రాస్తారు, నిజంగా మనసులో ఉన్నదే రాస్తారు, కానీ ఎఫ్ఏఏ వాళ్ళు చూసేది ఈ ఎగరడం సహాయ చర్యల్లో ఉన్న ఏ ప్రభుత్వ విభాగానికి పనికొస్తుంది, మామూలు దారిలో ఆగడానికి టైం ఎందుకు లేదు అన్నది. కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ గానీ, షెరీఫ్ ఆఫీసు గానీ, ఫైర్ డిపార్ట్‌మెంట్ గానీ మిమ్మల్ని అడిగి ఉండాలి. అడిగిన అధికారి పేరు, ఫోన్ నంబరు ఫారంలో ఉండాలి, ఎఫ్ఏఏ వాళ్ళు ఫోన్ చేస్తే ఆ అధికారి "అవును, మేమే పిలిచాం" అనగలగాలి. అది లేకుండా ఫారం ఎంత అందంగా నింపినా లాభం తక్కువ.

ఇంత పట్టుదల దేనికని కోపం రావొచ్చు. 2025 జూలైలో టెక్సస్‌లోని కెర్ కౌంటీ వరదల్లో, నిషేధం ఉన్న గగనతలంలో ఎవరిదో ప్రైవేటు డ్రోన్ గాలింపులో ఉన్న హెలికాప్టర్‌ని గుద్దింది. హెలికాప్టర్ అత్యవసరంగా దిగాల్సి వచ్చింది, ఆ తర్వాత పనికి రాకుండా ఆగిపోయింది. అదే ఏడాది జనవరిలో లాస్ ఏంజెలస్ పాలిసేడ్స్ మంటల మీద నీళ్ళు చల్లే విమానం రెక్కకి ఒక డ్రోన్ కన్నం పెట్టింది. మనవాళ్ళు తప్పిపోయి ఉంటే, వాళ్ళని వెతికే హెలికాప్టర్ ఇలా నేలమీద ఆగిపోవడం మనం భరించగలమా?

తిరస్కరిస్తే టెన్షన్ పడకండి. ఏది సరిపోలేదో సరిచేసి మళ్ళీ పంపొచ్చు. కానీ జవాబు వచ్చేదాకా, వచ్చినా "కాదు" అని వస్తే, నిషేధం ఉన్నచోట ఎగరేయకండి. జరిమానా 75,000 డాలర్ల దాకా ఉండొచ్చు, మంటలార్పే పనికి అడ్డుపడితే జైలు కూడా.

2024లో బుడమేరు వరదలప్పుడు విజయవాడలో డ్రోన్లతో భోజనాలు అందించారు కదా, ఇక్కడ ఎందుకు వద్దంటున్నారు అని ఒకరిద్దరు అడిగారు. అక్కడ కూడా ఆ పని ప్రభుత్వం చేయించిందే. పైగా ఇండియాలో 2021 డ్రోన్ రూల్స్ వేరు, ఈ ఫారం అక్కడ పనికిరాదు.

హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది. మే నెలలోనే ఒకరోజు మీ కౌంటీ ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళి, మీ సర్టిఫికెట్ చూపించి, వాలంటీర్ జాబితాలో పేరు రాయించుకోవచ్చేమో అడగండి. పైలట్, డ్రోన్ వివరాలు నింపిన ఫారం ఒకటి ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. చోటు, టైం, మిమ్మల్ని పిలిచిన అధికారి పేరు మాత్రం అప్పుడు రాసుకుంటే సరిపోతుంది.