ఫెర్రీ ఆగింది, నది ఇంకా గడ్డకట్టలేదు

మొన్న ఆదివారం మా పక్కగదిలో ఉండే గుంటూరు కుర్రాడి స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) యూకాన్ నదిలో దిగబడిపోయింది. నడుము దాకా తడిసి, పళ్లు టకటకలాడుతూ ఇంటికొచ్చాడు. అటు ఎందుకెళ్లావురా అంటే, "నిన్న ఎవరో వెళ్లిన జాడ ఉందన్నా" అన్నాడు. కెనడాలోని ఈ డాసన్ సిటీకి కొత్తగా వచ్చిన మనవాళ్ల కోసమే ఇది. కోటు, బూట్ల సంగతి షాపువాడు చెప్తాడు, నేను చెప్పను.

ఇక్కడ నదికి వంతెన లేదు. వేసవిలో జార్జ్ బ్లాక్ ఫెర్రీ డబ్బులు తీసుకోకుండా దాటిస్తుంది. చలికాలం రాగానే దాన్ని ఆపేస్తారు. నది గట్టిగా గడ్డకట్టాక మంచు మీదే రోడ్డు. ఈ రెంటికీ మధ్య వారాల తరబడి వెస్ట్ డాసన్ వాళ్లు అటే, మనం ఇటే. 2017-18 చలికాలంలోనైతే రేవు ఎదుట నీళ్లు చల్లి మంచు కట్టించాలని చూసినా నది మాట వినలేదు.

ఫెర్రీ ఆగకముందు: బీపీ, షుగర్ మాత్రలు రెండు నెలలకు తెచ్చుకోండి. కారు ఏ ఒడ్డున ఉండాలో ఇప్పుడే తేల్చుకోండి. ఇంటి వేడికి ప్రొపేన్ ఒక్కదాన్నే నమ్ముకోకండి, మైనస్ 42 డిగ్రీల దగ్గర అది గ్యాస్‌గా మారదు. కట్టెలు ఉండాలి.

నది మీద: జాడను నమ్మకండి. మంచు కింద నీళ్లు పారుతూనే ఉంటాయి, అడుగు నుంచి కొరుకుతూనే ఉంటాయి. పైన పడిన మంచుపొడి దుప్పటిలా కప్పేసి చలిని లోపలికి పోనివ్వదు, అందుకే కింది మంచు మందం కాదు. నిన్న మనిషిని మోసిన చోటు ఇవాళ కుక్కను కూడా మోయకపోవచ్చు. పైగా ఆ జాడ వేసినవాడు అవతలికి చేరాడో లేదో మీకు తెలుసా?

బెజ్జం వేసి టేపుతో కొలవండి. నడవడానికి 15 సెంటీమీటర్లు, స్నోమొబైల్‌కు 25. ఇది నీలంగా, గాజులా ఉన్న మంచుకే. తెల్లటిది సగం బలం. బూడిదరంగుదైతే అడుగే పెట్టొద్దు.

ఒంటరిగా దాటొద్దు. రాత్రి అసలే వద్దు. మందు తాగి వద్దు. మంచు రోడ్డు తెరిచాక కూడా, కారు మునిగితే బయటపడేలా సీటు బెల్టు తీసేసి, అద్దాలు దించి, మెల్లగా నడపండి. మధ్యలో ఆగి సెల్ఫీలు దిగకండి. నీళ్లలో పడిపోతే మొదటి నిమిషం ఊపిరిని అదుపులోకి తెచ్చుకోండి, కాళ్లూ చేతులూ పనిచేసేది పది నిమిషాలే. వచ్చిన వైపుకే తిరిగి ఎక్కండి, అటు మంచు మిమ్మల్ని మోసింది కాబట్టి. ఎక్కాక నిలబడకండి, దొర్లండి. స్నేహితుడు పడితే పరుగెత్తి దగ్గరికి పోకండి, తాడు విసరండి.

జాడ ఉన్నా సరే, గడ్డపారతో కొట్టి చూశాకే అడుగు వేయండి.