బడిలో ఎలర్జీ అత్యవసర మందు: అమెరికాకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

అమెరికాలో పిల్లలను బడిలో చేర్చేటప్పుడు నింపవలసిన కాగితాలలో ఎలర్జీల పత్రం ఒకటి ఉంటుంది. మా పిల్లవాడికి ఇంతవరకు ఏమీ రాలేదు కదా అని చాలామంది దానిని చదవకుండానే సంతకం పెట్టేస్తారు. అయితే బడులలో తలెత్తే ప్రాణాంతకమైన ఎలర్జీలలో దాదాపు నాలుగో వంతు, అంతకుముందు ఎలర్జీ ఉన్నట్టు ఎవరూ గుర్తించని పిల్లలలోనే వచ్చాయని 2013లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ విడుదల చేసిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అటువంటి బిడ్డ సంచిలో సొంత మందు ఉండదు కాబట్టే, ఏ ఒక్కరి పేరా కాకుండా బడి పేరనే ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్లు నిల్వ ఉంచేందుకు ఇక్కడ చట్టాలు వచ్చాయి. మన ఆస్పత్రులలో అడ్రినలిన్ అని ఇచ్చే మందే ఇది.

2013 నవంబరులో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన సమాఖ్య చట్టం ఏ బడినీ బలవంతపెట్టలేదు. మందు నిల్వను తప్పనిసరి చేసి, సిబ్బందికి శిక్షణనిచ్చి, మందు ఇచ్చినవారికి చట్టరక్షణ కల్పించే రాష్ట్రాలకు ఆస్తమా గ్రాంట్లలో ప్రాధాన్యం ఇస్తామని మాత్రమే చెప్పింది. అసలు నిర్ణయం రాష్ట్రాలదే. వర్జీనియా 2012లోనే ప్రభుత్వ బడులకు దీనిని తప్పనిసరి చేసింది, కాలిఫోర్నియాలో 2015 నుంచి అమలవుతోంది, న్యూజెర్సీ ప్రైవేటు బడులను కూడా కలిపింది. టెక్సాస్ 2015 చట్టం మాత్రం ఆ నిర్ణయాన్ని స్థానికంగా బడులను నడిపే స్కూల్ డిస్ట్రిక్టులకే వదిలింది. అందువల్ల న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న బంధువులు చెప్పిన మాట టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో చెల్లకపోవచ్చు. ఉద్యోగం మారి రాష్ట్రం మారినప్పుడల్లా మళ్ళీ విచారించుకోవలసిందే.

విచారించేటప్పుడు "మందు ఉందా?" అని అడిగి ఊరుకోవద్దు. నర్సు రోజంతా ఉంటారా, ఆమె లేనప్పుడు ఇంజెక్షన్ ఇవ్వడానికి శిక్షణ పొందినవారు ఎవరు, ఫీల్డ్ ట్రిప్పులోనూ బస్సులోనూ ఏర్పాటేమిటి, బడి వదిలాక జరిగే తరగతులకు ఆ మందు అందుబాటులో ఉంటుందా అన్నవి అసలు ప్రశ్నలు. అత్యవసరమైతే సిబ్బంది మీకు ఫోను చేయకముందే తొడపై ఇంజెక్షన్ ఇచ్చి అత్యవసర నంబరు 911కు కబురు పెడతారు. అదే సరైన క్రమం. అంబులెన్సు బిల్లుకు భయపడి "మేమే వచ్చి తీసుకువెళతాం" అనే తల్లిదండ్రులు మనలో ఉన్నారు. మందు పనిచేసి తేరుకున్న బిడ్డకు కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు కనుక ఆ బేరం వద్దు. బెనడ్రిల్ వంటి మామూలు ఎలర్జీ మందు దద్దురును తగ్గిస్తుందే తప్ప, ఊపిరి ఆడనప్పుడు ఎపినెఫ్రిన్‌కు బదులు కాదు.

ఎలర్జీ ఉందని ముందే తెలిసిన పిల్లలకు బడి నిల్వ ఒక అదనపు రక్షణ మాత్రమే. వారి పేర విడిగా మందు, ఇక్కడి డాక్టరు సంతకం చేసిన అత్యవసర ప్రణాళిక నర్సుకు అందజేయాలి. ఎపిపెన్ వంటి ఇంజెక్షన్‌లో సాధారణంగా 15 నుంచి 30 కిలోల బరువుకు 0.15 మిల్లీగ్రాములు, ఆపైన 0.3 మిల్లీగ్రాములు ఇస్తారు కాబట్టి, ఏడాదిలో బిడ్డ బరువు పెరిగితే డాక్టరు రాసిన పాత మందు చీటీ సరిపోకపోవచ్చు. వైకల్యం ఉన్నవారి హక్కులను కాపాడే 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ కింద భోజనాల బల్ల దగ్గర, తరగతి వేడుకలలో తీసుకోవలసిన జాగ్రత్తలను రాతపూర్వకంగా కోరవచ్చు.

డబ్బాలో ఏం పెడుతున్నామన్నదీ చూసుకోవాలి. పల్లీల చిక్కి, నువ్వుల పొడి చల్లిన పులిహోర, జీడిపప్పు ముద్దతో వండిన కూర మనకు మామూలు తిండే కాని, పక్క బల్ల మీది పిల్లవాడికి ప్రమాదం కావచ్చు. నువ్వులు ఉన్నాయని ప్యాకెట్టు మీద రాయడం 2023 జనవరి నుంచి తప్పనిసరి అయింది. ఇంట్లో చేసిన చిమ్మిలికి ఆ చీటీ ఉండదు, కనుక పుట్టినరోజుకు మిఠాయి పంపే ముందు టీచరును అడగండి.

వేసవి సెలవులకు ముందు మీరు ఇచ్చిన మందును తిరిగి తెచ్చుకోండి. తీసుకోకపోతే చాలా బడులు పారవేస్తాయి. గడువు తేదీ చూసి, ఎండలో నిలిపిన కారులో వదలకుండా ఇంట్లోనే భద్రపరచండి.